తెర వేసే తాళం

దీపావళినాడు కాకరపువ్వొత్తి వెలిగించి గిరగిరా తిప్పితే గాలిలో వెలుగు చక్రం కనబడుతుంది కదూ! అక్కడ చక్రమేదీ లేదు. తిరిగేది ఒక్క నిప్పురవ్వ. మన పెద్దవాళ్లు దీనికి అలాతచక్రమని పేరు కూడా పెట్టారు. కంప్యూటరు తెర కథంతా ఈ చిన్న మాయ చుట్టూ తిరిగిందే.

పాతకాలపు గాజు గొట్టం తెర మీద బొమ్మ నిలిచి ఉన్నట్టే కనిపించేది. నిజానికి వెనకనుంచి సన్నని ఎలక్ట్రాన్ల ధార వచ్చి లోపలి పూతను తాకితే ఆ చోటు మెరుస్తుంది, వెంటనే ఆరిపోతుంది. మన కన్ను పసిగట్టేలోగా ధార మళ్లీ రావాలి. అలా సెకనుకు ఎన్నిసార్లు వస్తుందో దాన్నే రిఫ్రెష్ రేటు అంటారు. అది తగ్గిందా, బొమ్మ మినుకుమినుకుమంటుంది.

1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ అనే పరిశోధక విద్యార్థి స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం తయారుచేశాడు. లైట్ పెన్ను పట్టుకుని తెరమీదే బొమ్మ గీయవచ్చు. ఎంత ముచ్చటో! అయితే గీసిన బొమ్మను యంత్రం చుక్క చుక్కగా మళ్లీ మళ్లీ పెడుతూనే ఉండాలి. వేసిన ముగ్గు వేసినట్టే మాసిపోతూ ఉంటే మన గతేమిటో ఊహించండి. చిన్న ముగ్గయితే చప్పున మొదటి చుక్క దగ్గరికి రాగలం. రథం ముగ్గయితే చివరికి వచ్చేసరికి మొదలు కనబడదు. బొమ్మ పెద్దదైనకొద్దీ మినుకు ఎక్కువయ్యేది అందుకే.

1970ల మొదట్లో టెక్ట్రానిక్స్ వారి తెరలు దీనికి ఒక ఉపాయం చూపించాయి. ఒకసారి గీస్తే బొమ్మ అలాగే ఉండిపోతుంది. బాగానే ఉంది గానీ, ఒక్క గీత చెరపాలన్నా మొత్తం తెరంతా తుడిచి మళ్లీ గీయాలి. కదిలే బొమ్మలకు అదేం పనికొస్తుంది?

ఇంటింటి టీవీది ఇంకో పద్ధతి. బొమ్మ ఏదైనా సరే, పైనుంచి కిందికి వరస వరసగా గీసుకుపోవడమే. ఆ వేగం అమెరికాలో సెకనుకు 60, ఐరోపాలోనూ మన దేశంలోనూ 50. ఆయా దేశాల కరెంటు లయను బట్టి వచ్చిన లెక్కలివి. 1977లో వచ్చిన అటారి ఆటపెట్టెకు ఉన్న జ్ఞాపకశక్తి 128 బైట్లు. అన్ని అక్షరాలతో పోస్టుకార్డయినా నిండదు, ఇక బొమ్మను ఎక్కడ దాస్తుంది! ధార ఒక వరస గీస్తుంటే, ప్రోగ్రాం తరవాతి వరస సిద్ధం చేసేది. పెనం మీద అట్టు కాలేలోగా ఇంకో అట్టుకి పిండి కలుపుకున్నట్టే. 1991లో వచ్చిన సోనిక్ ఆట ఐరోపా టీవీల మీద సుమారు ఆరోవంతు నెమ్మదిగా నడిచింది, పాటతో సహా. నెమ్మది ఆటది కాదు, తెరది.

ఆటలు నెమ్మదిస్తే సరదా తగ్గుతుంది, అంతే. ఆఫీసుల్లో అలా కాదు. 1987లో ఐ.బి.ఎం. తెచ్చిన 8514 తెర ఎక్కువ చుక్కలు చూపించింది గానీ, వరస విడిచి వరస గీయడంతో నిండు బొమ్మ సెకనుకు 43 సార్లకు మించి రాలేదు. సన్నగీతలు వణికేవి. అలాంటి తెరలముందు పొద్దస్తమానం కూర్చుని టైపు చేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్ల కళ్ల మంటలూ తలనొప్పులూ ఏ యంత్రం ధరలోనూ చేరలేదు. స్వీడన్‌లో ఉద్యోగుల సంఘాల సమాఖ్య టి.సి.ఓ. ఊరుకోలేదు. 1992నుంచి తెరలకు యోగ్యతా ముద్ర వెయ్యసాగింది. 1999 నాటి నిబంధనల్లో గొట్టం తెరకు కనీసం 85 సార్లు ఉండాలంది.

కంటికి హాయే, మరి యంత్రానికో? గ్రాఫిక్స్ కార్డు ఒకే జ్ఞాపకంలోనుంచి తెరకు వడ్డించాలి, కొత్త బొమ్మా వండాలి. వడ్డన పెరిగితే ఆ రోజుల కార్డులకు వంట కుంటుపడేది.

పలక తెరలొచ్చాక బొమ్మ ఆరిపోయే బాధ తప్పింది. తాళం మాత్రం మిగిలింది. సెకనుకు 60 అంటే ఒక్కో బొమ్మకు దొరికే వ్యవధి వెయ్యోవంతుల్లో 17కి లోపే. ఈలోగా వంట కాకపోతే పాత బొమ్మే మళ్లీ, లేదంటే సగం పాత, సగం కొత్త. 2013లో ఎన్విడియా జి-సింక్‌తో వరస తిరగబడింది. బొమ్మ సిద్ధమయ్యేదాకా తెరే ఆగింది.

అందుకే 144 అని అట్టపెట్టె మీద రాసి ఉన్న తెర కొనేముందు, ఇంట్లో కంప్యూటరు అంత వేగంగా వండగలదా అని అడగండి. ఉత్తరాలకూ లెక్కలకూ 60 చాలు. యాభై ఏళ్లపాటు యంత్రమూ మన కళ్లూ కూడా తెర వేసిన తాళానికే ఆడాయి. ఇప్పుడు తెర మన మాట వింటోంది. ఏం కావాలో చెప్పడం మనకు తెలియాలి.