యతీంఖానా పేరున్న కాలేజీ

యతీంఖానా అనగానే మనకు గుర్తొచ్చేది రంజాన్ నెల, రసీదు పుస్తకం, జకాత్ డబ్బులు. ఎవరింట్లోనో ఖురాన్‌ఖానీకి టోపీలు పెట్టుకుని వరసగా కూర్చున్న పిల్లలు. వాళ్లకింత అన్నం పెడితే సవాబు దక్కుతుందనుకుంటాం. వాళ్లేం చదువుతున్నారని మాత్రం అడగం.

అడిగినవాళ్లు మలబారులో ఉన్నారు. 1921లో అక్కడి మోప్లా ముస్లింలు బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డారు. ఆ తిరుగుబాటులో హిందువుల మీదా దాడులు జరిగాయి. సైన్యం దాన్ని కర్కశంగా అణిచేసింది. తప్పు ఎవరిదెంతైనా, చివరికి మిగిలింది తండ్రుల్లేని పిల్లలు. వాళ్ల కోసం పంజాబ్‌కు చెందిన మౌలానా అబ్దుల్ ఖాదిర్ కసూరీ పూనికతో 1922లో కాలికట్‌లో జేడీటీ ఇస్లాం అనాథాలయం వెలిసింది.

1943లో మలబారును కలరా ఊడ్చేసింది. ఒకప్పుడు తిరుగుబాటుకు కేంద్రమైన తిరూరంగాడిలో ఆ ఏడాదే ఇంకో యతీంఖానా మొదలైంది. ముందు తిండీ గుడ్డా. తర్వాత బడి. 1968లో ఏకంగా కాలేజీ. దానికి రాజ్యాంగ సభ సభ్యుడు పోకర్ సాహెబ్ పేరు పెట్టారు. పక్కనే 'ఆర్ఫనేజ్' అన్న మాటనూ నిలిపారు. పోకర్ సాహెబ్ మెమోరియల్ ఆర్ఫనేజ్ కాలేజీ! సిగ్గుపడి దాచాల్సిన మాటగా వాళ్లు దాన్ని చూడలేదు. అమ్మానాన్నలున్న పిల్లలు కూడా యతీముల పేరున్న ఆ గేటు దాటే డిగ్రీ చదువుతున్నారు.

ఆ ప్రాంతంలోనే ముక్కం యతీంఖానాలో పెరిగిన మొహమ్మద్ అలీ షిహాబ్ 2011లో సివిల్స్ నెగ్గి ఐఏఎస్ అయ్యారు.

మన ప్రవక్తా యతీమే. పుట్టకముందే తండ్రిని పోగొట్టుకున్నారు. ఈసారి రసీదు పుస్తకం గుమ్మంలోకొస్తే డబ్బులిద్దాం. ఇస్తూ ఒక్కమాట అడుగుదాం: పిల్లలు ఎన్నో తరగతి చదువుతున్నారు?