నీలగిరిలో మణ్‌సరివు: కొండ రైలు పక్కన చూసిన చరిత్ర



పోయిన కూటంలో ఇద్దరు ముగ్గురు సభ్యులు కున్నూరు, కోత్తగిరి పక్క ఇంటి జాగాలు చూస్తున్నామని చెప్పారు. రిటైరైనవాళ్ళకి చల్లటి ఊళ్ళో ఉండాలనిపించడం సహజమే. అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ కొండ చరిత్ర కొంచెం తెలిసుండాలని మేము ఇది రాస్తున్నాము. మేము రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్ళమే గాని ఇంజినీరు కాదు. అయినా వాన కాలంలో ఆ లైను ఎలా కాపాడతారో పక్కనుంచి చూసినవాళ్ళం.

తమిళంలో మనం మణ్‌సరివు అంటాం. తెలుగు పేపర్లో కొండచరియలు విరిగిపడ్డాయని రాస్తారు. ఆ మాట వింటే పెద్ద బండ ఊడి పడినట్టు మనసుకొస్తుంది. బండలు పడటమూ ఉంది, కాదనము. కాని నీలగిరిలో తమిళ మాటే ఎక్కువ సరిపోతుంది. అక్కడ కింద చార్నోకైట్ అనే గట్టి రాయి, దాని మీద అదే రాయి లక్షల ఏళ్ళుగా పుచ్చి అయిన మన్ను మందంగా కప్పుకుని ఉంది. వాన నీళ్ళు మన్నులోకి దిగి రాయి దగ్గర ఆగుతాయి. మన్ను బరువెక్కుతుంది, లోపల నీటి ఒత్తిడికి దాని పట్టు సడలుతుంది, చరియ మొత్తం జారుతుంది. జారినది వాగులో పడితే బురద, బండలు, చెట్లు కలిసి వరదలా పరుగెత్తుకొస్తుంది. ప్రాణాలు ఎక్కువగా తీసేది ఈ రకమే. ఇంకొక రకం నేల కంటికి తెలియకుండా ఏడాదికి కొంచెం కొంచెం కిందికి పాకుతుంది. దానివల్ల ఎవరూ చావరు గాని, గోడలు నిలవవు.

1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ ఈ కొండ ఎక్కాడు. అప్పుడక్కడ పైన గడ్డి మైదానాలు, వాగుల మడతల్లో చోళ అడవులు. గడ్డి, అడవి రెండూ వానని స్పంజిలాగా పట్టి మెల్లగా వదిలేవి. తర్వాత కాఫీ వచ్చింది, టీ వచ్చింది, నీలగిరి తైలం చెట్లు, ఉరుళగడ్డ చేలు వచ్చాయి. వాటితో బాటు రోడ్లు. 1899లో మెట్టుపాళయం నుంచి కున్నూరు దాకా రైలు, 1908కి ఊటీ దాకా. 46 కిలోమీటర్లలో 208 మలుపులు, 250 వంతెనలు, 16 సొరంగాలు. కల్లారు దాటాక 12 అడుగులకు ఒక అడుగు ఎక్కే ఏటవాలు కూడా ఉంది. ఆ లైను వేసినవాళ్ళ పనితనానికి చేతులెత్తి మొక్కాలి, 2005లో యునెస్కో గుర్తింపు ఊరికే రాలేదు. అయితే కొండ పాదం నరకకుండా రైలైనా రోడ్డైనా వేయలేరు. పాదం నరికితే పై మన్నుకి ఆనిక పోతుంది.

రైల్వేకి ఈ సంగతి మొదటినుంచీ తెలుసు. అందుకే గట్టుకు పైన నీళ్ళని పక్కకు మళ్ళించే కాలువలు, అడ్డగోడల్లో నీళ్ళు బయటికి పోయే కన్నాలు. జారే చోట్ల జాబితా రిజిస్టర్లో రాసి ఉంటుంది. వాన కాలంలో రాత్రి పెట్రోల్‌మ్యాన్ లాంతరు, ఎర్ర జెండా, పట్టాల మీద పెట్టే పటాసులు తీసుకుని నడుస్తాడు. తన హద్దు చివర అవతలివాడిని కలిసి పుస్తకం మార్చుకుంటాడు. అనుమానం ఉంటే రైలు ఆగిపోతుంది. టూరిస్టులు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి!

ఇంత చేసినా కొండ ఊరుకోలేదు. 1978 నవంబరులో వంద దాకా చోట్ల జారింది, మరుసటి ఏడు ఇంకా ఎక్కువ. 1993 నవంబరు 11న కున్నూరు ఘాటు రోడ్డులో మరప్పాలం దగ్గర వచ్చిన సరివు గుడిసెలని, రోడ్డుని, బస్సులని ప్రయాణికులతో సహా తీసుకుపోయింది. రైలు పట్టాలూ దెబ్బ తిన్నాయి. మరప్పాలం అంటే చెక్క వంతెన. వంతెన ఉందంటే వాగుందని అర్థం. ఊరి పేర్లు చదివితే నేల సంగతి సగం తెలుస్తుంది, మన వాళ్ళు దీన్ని గమనించరు. 2009 నవంబరు 10న కేత్తిలో ఒక్క రోజులో 820 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వారంలో జిల్లాలో వెయ్యికి పైగా చోట్ల నేల జారింది, నలభై మందికి పైగా పోయారు.

అంత వానకి ఎవరేం చేస్తారని అడగవచ్చు. వానని ఆపలేము. కాని అదే వానలో ఒక గట్టు జారి పక్క గట్టు నిలిచిందంటే కారణం వెతకాలి గదా. చాలా చోట్ల జారినవి రోడ్డుకో ఇంటికో నిలువుగా నరికిన గట్లు, వాగు పూడ్చి చదును చేసిన జాగాలు. కొండ పైన ఇల్లు కట్టకపోయినా తప్పించుకున్నట్టు కాదు. 2024 జూలై 30న వయనాడులో బురద వరద పైనుంచి కిలోమీటర్ల దూరం పరుగెత్తి చూరల్‌మలని ముంచింది. అదే ఏడు డిసెంబరు 1న, మనం గిరివలం వెళ్ళే తిరువణ్ణామలైలోనే, కొండ కింద ఇంటి మీద మన్నూ బండలూ పడి ఏడుగురు పోయారు.

కాబట్టి జాగా చూసేవాళ్ళు బ్రోకరు చూపించే వ్యూ వదిలేసి వెనక్కి తిరిగి గట్టు చూడండి. ఎంత ఎత్తు నరికారు, పైన ఎవరి నీళ్ళ తొట్టి, ఎవరి సెప్టిక్ ట్యాంకు ఉంది? చెట్లు, కరెంటు స్తంభాలు కిందికి వాలి ఉన్నాయా? పక్కింటి గోడలో మెట్టు మెట్టుగా పగుళ్ళున్నాయా, కొత్తగా తలుపులు పట్టేస్తున్నాయా అని అడగండి. అడ్డగోడ కన్నాల్లోంచి నీళ్ళు రావాలి. వాన పడుతున్నా రాకపోతే అవి పూడిపోయి లోపల ఒత్తిడి పెరుగుతుందన్నమాట. జాగా ఏప్రిల్‌లో చూసొచ్చి సంతకం పెట్టకండి, నవంబరు వానలో ఇంకోసారి వెళ్ళండి. కొండ ప్రాంత సంరక్షణ అథారిటీ అనుమతి కాగితం లేకుండా ఎంత చవకైనా వద్దు. జియలాజికల్ సర్వే వాళ్ళు నీలగిరికి సరివు హెచ్చరికలు కూడా ఇస్తున్నారు, చూడండి.

అక్కడే ఉన్న మన బంధువులకి ఒక మాట. వాన గట్టిగా పడుతుండగా వాగులో నీళ్ళు ఉన్నట్టుండి తగ్గినా, ఎర్రగా బురదగా మారినా, పైనుంచి ఉరుములాంటి శబ్దం వచ్చినా సామాన్లు సర్దుకోవద్దు. బయటికి వచ్చి వాగుకి దూరంగా, పక్కకు నడిచి ఎత్తు ఎక్కాలి. వాగు వెంబడి కిందికి పరుగెత్తకూడదు.

మెట్టుపాళయం ఉరుళగడ్డ మండీకి 1978, 79 వానల్లో లారీలు తోలిన పెద్దలు మన ఇళ్ళల్లో ఉంటారు. వాళ్ళు చూసింది అడిగి కింద రాయండి. ఆ రోజుల ఫోటోలు ఉంటే పెట్టండి, ఏ మలుపు దగ్గర తీసిందో కూడా చెప్పండి.