పిల్లలను ఎవరి చేతికి అప్పగిస్తున్నాం?

హాస్టలు, బడి, శిశు సంరక్షణ కేంద్రం నడిపే సంఘాలు తెలుసుకోవలసిన నియమం ఒకటుంది. పోక్సో చట్టం (2012) కింద 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం, పిల్లలతో నిత్యం మెలిగే సంస్థలు సిబ్బంది అందరికీ పోలీసు వెరిఫికేషన్, పూర్వాపరాల విచారణ చేయించాలి. టీచర్లకే కాదు, వంటమనిషికీ, వాచ్‌మన్‌కూ, కాంట్రాక్టు మీద వచ్చినవారికీ. ఒక్కసారితో సరిపోదు, అప్పుడప్పుడు మళ్లీ చేయించాలి.

మన కుప్పం తమిళనాడు, కర్ణాటక సరిహద్దుల్లో ఉంది. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చినవారి గురించి వారి సొంత ఊరిలోనూ, మునుపు పనిచేసిన చోటా విచారించడం మేలు.

నిబంధన చెప్పింది ఉద్యోగుల గురించే. కాని సండే స్కూలులో, వి.బి.ఎస్.లో మన పిల్లలను చూసుకునేది వాలంటీర్లు. వారికీ ఇదే పద్ధతి పాటించాలని మా మనవి. “మనవాడే, ప్రార్థనాపరుడే” అన్న మాట విచారణకు బదులు కాదు. సర్టిఫికెట్ వచ్చినా, ఒక్కరినే పిల్లల దగ్గర ఉంచకండి, ఇద్దరుండాలి.

పిల్లలకు హాని జరిగిందని తెలిస్తే సంఘ పెద్దలు లోపల సర్దుబాటు చేయకూడదు. పోలీసులకు తెలపడం చట్టం విధించిన బాధ్యత. తన కింది సిబ్బంది చేసిన నేరాన్ని తెలపని సంస్థ బాధ్యుడికి ఏడాది వరకు జైలు, జరిమానా. చైల్డ్‌లైన్ నంబరు 1098.

సంఘం పేరు కాపాడటం కన్నా పసివారిని కాపాడటం ముఖ్యం.