పుస్తకానికో చిరునామా

1966 నవంబరులో అమెరికాలోని 16 గ్రంథాలయాలకు వాషింగ్టన్ నుంచి కొత్తరకం పార్సిళ్లు రావడం మొదలైంది. వాటిలో పుస్తకాల్లేవు, అచ్చుకార్డుల్లేవు. కంప్యూటర్ చదివే అయస్కాంత టేపు చుట్టలున్నాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు కొత్తగా చేరిన ఇంగ్లిష్ పుస్తకాల వివరాలను ఆ టేపుల మీదికి ఎక్కించి పంపారు. ఇవాళ మన విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో కంప్యూటర్ ముందు కూర్చుని పుస్తకం పేరు కొట్టి వెతుకుతున్నామంటే, దాని వెనకున్న పద్ధతి చాలావరకు ఆ టేపుల నుంచి వచ్చిందే.

అంతకుముందు రాజ్యమంతా కార్డులది. ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తు, పన్నెండున్నర సెంటీమీటర్ల వెడల్పు, కింద నడుమ సొరుగులోని కడ్డీకి గుచ్చడానికి ఒక చిల్లు. రచయిత పేరుతో ఒక కార్డు, పుస్తకం పేరుతో ఒకటి, విషయం పేరుతో ఇంకొకటి. ఒకే పుస్తకానికి ఊరూరా లైబ్రేరియన్లు విడివిడిగా ఇవన్నీ రాసుకోవడం వృథా శ్రమ కదా అని 1901లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన కార్డులనే అచ్చువేసి అమ్మడం మొదలుపెట్టింది. ఒకచోట రాస్తే అందరికీ పనికొచ్చింది. ఆ తరవాత ఈ రంగంలో వచ్చిన ప్రతి మార్పుకూ మూలం ఆ ఆలోచనే.

కార్డును టేపు మీదికి ఎక్కించిన మనిషి హెన్రియెట్ అవ్రామ్. ఆవిడ లైబ్రేరియన్ కాదు. 1919లో న్యూయార్క్‌లో పుట్టారు. వైద్యం చదవాలనుకున్నారు. పెళ్లయి పిల్లలు పుట్టాక, 1950ల్లో అమెరికా ప్రభుత్వ రహస్య సమాచార సంస్థ అయిన నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీలో ప్రోగ్రామర్‌గా చేరి, ఐబీఎం 701 అనే తొలితరం యంత్రం మీద పని నేర్చుకున్నారు. 1965లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు వచ్చేటప్పటికి ఆవిడకు కేటలాగు పని తెలియదు. బహుశా అదే మేలైంది. కార్డు మీద మనకు అలవాటుగా అర్థమైపోయేవన్నీ యంత్రానికి అర్థం కావని ఆవిడకు తెలుసు. ఫలానా వరసలో ఉంది కాబట్టి ఇది రచయిత పేరనీ, ఫలానా గుర్తు తరవాత వచ్చింది కాబట్టి ఇది ప్రచురణకర్త పేరనీ మన కన్ను పట్టేస్తుంది. యంత్రానికి మాత్రం ప్రతిదాన్నీ వేరుచేసి, దేని పేరేమిటో చెప్పాలి.

అలా తయారైంది మార్క్. యంత్రం చదవగల కేటలాగు అని ఆ పొడి అక్షరాల అర్థం. ఒక మార్క్ రికార్డును విప్పి చూస్తే ఆవిడ పనితనం తెలుస్తుంది. మొదటి 24 అక్షరాలు తలకట్టు. అందులో తొలి ఐదు అంకెలు రికార్డు మొత్తం పొడవెంతో చెబుతాయి. ఐదు అంకెలే కాబట్టి ఏ రికార్డూ 99,999 అక్షరాలు దాటడానికి వీల్లేదు. తరవాత ఒక పట్టిక ఉంటుంది. రికార్డులోని ఒక్కో అంశానికి అందులో 12 అక్షరాలు: మూడు దాని సంఖ్యకు, నాలుగు దాని పొడవుకు, ఐదు అది ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి. ఆ పట్టిక అయ్యాకే అసలు వివరాలు. 100 అంటే రచయిత, 245 అంటే పుస్తకం పేరు, 300 అంటే పుటలూ కొలతలూ, 650 అంటే విషయం. కంప్యూటర్ జ్ఞాపకశక్తి చాలా ఖరీదైన రోజుల్లో, టేపు ఒకవైపే తిరిగే రోజుల్లో, వేరువేరు పొడవులున్న వివరాలు పట్టేలా చేసిన ఏర్పాటిది. 1971లో అమెరికా జాతీయ ప్రమాణమైంది. 1973లో ఐఎస్ఓ 2709 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఇప్పటికీ కేటలాగు చేసేవాళ్లు ‘శీర్షిక’ అనడానికి బదులు ‘టూ ఫార్టీఫైవ్’ అంటారు. చాలా దేశాల్లో ఆ అంకె అదే.

కార్డులు మాత్రం వెంటనే పోలేదు. 1967లో ఒహాయో రాష్ట్రంలో పుట్టిన ఓసీఎల్‌సీ అనే సహకార సంస్థ, 1971 నుంచి గ్రంథాలయాలన్నీ ఒకే కంప్యూటర్ కేటలాగును పంచుకునే ఏర్పాటు చేసింది. అదే సంస్థ ఆ కేటలాగు నుంచి కార్డులు కూడా అచ్చువేసి పంపుతూ వచ్చింది. చివరి కార్డుల కట్ట అచ్చయింది 2015 అక్టోబరు 1న.

అసలు చిక్కు ఏమిటంటే, కార్డు పోయినా మార్క్ లోపల కార్డే మిగిలింది. వివరాలకు సంఖ్యలున్నాయి గానీ, ఆ సంఖ్యల కింద ఉన్నది ఉత్త అక్షరాల వరస. రచయిత పేరు రాసి ఉంటుంది. ఆ పేరుగల మనిషి ఎవరో యంత్రానికి తెలియదు. విషయ శీర్షికలూ అంతే. వీసా లేకుండా ఉంటున్నవాళ్ల గురించిన పుస్తకాలకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ‘ఇల్లీగల్ ఏలియన్స్’ అనే శీర్షిక వాడేది. మనుషుల్ని అలా పిలవడం అవమానమని 2014లో డార్ట్‌మత్ కాలేజీ విద్యార్థులు అర్జీ పెట్టారు. 2016లో మారుస్తామని లైబ్రరీ ఒప్పుకుంది. కాంగ్రెస్ సభ్యులు అడ్డుపడ్డారు. 2021 నవంబరులో గానీ మారలేదు. జాప్యానికి కారణం రాజకీయాలే. కానీ మారాక కూడా, ఆ మాట అప్పటికే లెక్కలేనన్ని గ్రంథాలయాల రికార్డుల్లో అక్షరాలుగా కూర్చుని ఉంది. ఎవరి కేటలాగులో వాళ్లు దిద్దుకోవలసిందే.

ఇంకొక లోటు వెబ్ వచ్చాక బయటపడింది. కేటలాగులు ఆన్‌లైన్‌లోకి వచ్చాయి, నిజమే. కానీ వెతికితేనే పేజీ పుట్టేది, మూసేస్తే పోయేది. ఆ పేజీకి స్థిరమైన చిరునామా ఉండేది కాదు. కాబట్టి సెర్చ్ ఇంజన్లకు అవి కనిపించేవి కావు. పుస్తకాల గురించి తరతరాలుగా, ఎంతో జాగ్రత్తగా సరిచూసి పోగుచేసిన సమాచారం వెబ్‌కి బయటే ఉండిపోయింది. 2002లో రాయ్ టెనెంట్ అనే లైబ్రేరియన్ ‘మార్క్ చచ్చిపోవాలి’ అని శీర్షిక పెట్టి లైబ్రరీ జర్నల్‌లో రాశారు. శీర్షిక కటువుగా ఉన్నా చెప్పినదాంట్లో న్యాయం ఉంది.

వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 2006లో ‘లింక్డ్ డేటా’ గురించి చిన్న నోటు రాశారు. దాని సారం నాలుగు నియమాలు. ప్రతి వస్తువుకూ, మనిషికీ, ఊరికీ, భావానికీ ఒక గుర్తింపు ఇవ్వాలి. ఆ గుర్తింపు వెబ్ చిరునామా అయి ఉండాలి. ఆ చిరునామాకు వెళ్తే ఉపయోగపడే సమాచారం దొరకాలి. అక్కణ్నుంచి సంబంధమున్న మరికొన్ని చిరునామాలకు దారి ఉండాలి. సమాచారాన్ని చిన్నచిన్న మూడు ముక్కల వాక్యాలుగా రాస్తారు. ‘వేయిపడగలు’ – రచయిత – విశ్వనాథ సత్యనారాయణ. ఇందులో మూడింటికీ చిరునామాలుంటాయి. మనిషి పేరు మార్చుకున్నా ఆధార్ నంబరు మారనట్టే, పేరు ఏ లిపిలో ఎలా రాసినా చిరునామా అదే. ‘ఇల్లీగల్ ఏలియన్స్’ లాంటి మాటను ఒకచోట దిద్దితే, ఆ చిరునామాతో ముడిపడ్డ చోటల్లా దిద్దుబాటు కనబడుతుంది.

గ్రంథాలయాలకు ఇది పూర్తిగా కొత్త కాదు. ఒక రచయిత ఎన్ని పేర్లతో రాసినా, వాటన్నిటినీ ఒకచోట చేర్చి, ఒక రూపాన్ని ఖాయం చేసి, మిగతావాటి నుంచి ‘ఇక్కడ చూడండి’ అని చూపించే పని 19వ శతాబ్దం నుంచీ చేస్తున్నారు. దాన్ని అథారిటీ ఫైలు అంటారు. చార్లెస్ కటర్ 1876లో రాసిన కేటలాగు నియమాల్లోనే, ఒక రచయిత పుస్తకాలన్నీ పాఠకుడికి ఒకచోట కనబడాలని ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ తెచ్చినప్పుడు, విషయం అంటే ఒకే మాట కాదనీ, విడదీసి మళ్లీ కలపగల ముఖాల సముదాయమనీ చూపించారు. వెబ్ వాళ్లు కొత్తగా కనిపెట్టామనుకున్న దాంట్లో సగం గ్రంథాలయాల సొరుగుల్లో ముందే ఉందని నా అభిప్రాయం. లేనిదల్లా చిరునామా ఒక్కటే.

ఆ చిరునామాలు ఇవ్వడం 2008లో మొదలైంది. స్వీడన్ తన జాతీయ ఉమ్మడి కేటలాగు లిబ్రిస్‌ను లింక్డ్ డేటాగా విడుదల చేసింది. అదే ఏడాది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉద్యోగి ఎడ్ సమ్మర్స్, ఆ సంస్థ విషయ శీర్షికలన్నిటికీ చిరునామాలిచ్చి తన సొంత సైటులో పెట్టారు. సంవత్సరం చివర్లో సంస్థ కోరిక మీద దాన్ని తీసేయాల్సి వచ్చింది. 2009లో అదే పనిని సంస్థ తన పేరుతో అధికారికంగా మొదలుపెట్టింది. వేరువేరు జాతీయ గ్రంథాలయాల అథారిటీ ఫైళ్లను ఒకదానికొకటి ముడివేసే వయాఫ్ కూడా ఈ కాలంలోనే పెరిగింది. 2011లో మార్క్ స్థానంలో కొత్త నమూనా తెస్తామని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ప్రకటించింది. దాని పేరు బిబ్‌ఫ్రేమ్. 2016లో రెండో రూపం వచ్చింది. 2018లో స్వీడన్ జాతీయ గ్రంథాలయం పూర్తిగా దీనికి మారింది. మిగతా చాలా దేశాల్లో మార్క్, బిబ్‌ఫ్రేమ్ రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి. ఖర్చు ఎక్కువ, సాఫ్ట్‌వేర్ తక్కువ. చిన్న గ్రంథాలయాలకు ఇది ఇంకా అందని మాటే.

బిబ్‌ఫ్రేమ్ పుస్తకాన్ని మూడు మెట్లలో చూస్తుంది. రచన ఒక మెట్టు. అచ్చయిన ప్రచురణ రెండోది. అలమరలో ఉన్న ప్రతి మూడోది. తెలుగు పుస్తకంతోనే చూద్దాం. ‘వేయిపడగలు’ ఒక రచన. దాన్ని పి.వి. నరసింహారావు హిందీలోకి ‘సహస్రఫణ్’గా అనువదించారు. అది ఇంకొక రచన. మొదటిదానికి ‘అనువాదం’ అనే ముడితో కట్టి ఉంటుంది. హరినారాయణ్ ఆప్టే మరాఠీ నవలను తెలుగులోకి ‘అబల జీవితం’గా తెచ్చిందీ పి.వి.నే. 1998లో ఇంగ్లిష్‌లో ‘ది ఇన్‌సైడర్’ రాసిందీ ఆయనే. 1991 నుంచి 1996 దాకా దేశ ప్రధానిగా ఉన్నదీ ఆయనే. కార్డుల కేటలాగులో ఇవన్నీ వేరువేరు సొరుగుల్లో ఉండేవి. వీటిని కలిపి చూడాలంటే సంగతి తెలిసిన లైబ్రేరియన్ పక్కనుండాలి. ముడులు సరిగ్గా వేసిన కేటలాగులోనైతే విశ్వనాథ నవల కోసం వచ్చిన కాలేజీ పిల్ల అక్కణ్నుంచి మరాఠీ నవల దాకా తనంతట తాను వెళ్లగలదు.

మరి తెలుగు పుస్తకాలు ఈ ప్రపంచ కేటలాగుల్లో ఎలా ఉన్నాయి? అమెరికా నుంచి పీఎల్-480 పథకం కింద వచ్చిన గోధుమల డబ్బు రూపాయల్లో ఇక్కడే పోగుపడింది. ఆ రూపాయలతో 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం భారతీయ భాషల పుస్తకాలు కొనడం మొదలుపెట్టింది. అలా తెలుగు పుస్తకాలు షికాగో, విస్కాన్సిన్, బర్కిలీ, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాలకు చేరాయి. ఇక్కడ దొరకని పాత ప్రచురణలు అక్కడ దొరుకుతాయని మన పరిశోధకులకు తెలుసు. కానీ ఆ రికార్డుల్లో పుస్తకం పేరు తెలుగులో ఉండదు. రోమన్ లిపిలో ఉంటుంది. దీర్ఘానికి అక్షరం మీద గీత, ‘డ’కు అక్షరం కింద చుక్క. పాత మార్క్ అక్షర సముదాయంలో చైనీస్, జపనీస్, కొరియన్, అరబిక్, హీబ్రూ లిపులకు చోటు దొరికింది గానీ తెలుగుకు దొరకలేదు. 1991లో యూనికోడ్‌లో తెలుగు చేరింది. మార్క్ కూడా తరవాత యూనికోడ్‌కు తలుపు తీసింది. పాత రికార్డులు మాత్రం చాలావరకు అలాగే ఉన్నాయి. ‘వేయిపడగలు’ ఒకచోట ఒకే మాట, ఇంకొకచోట రెండు మాటలు. యంత్రానికి ఆ రెండూ వేరువేరు పుస్తకాలే.

పేర్లతో ఇంకా కష్టం. మనకు ఇంటిపేరు ముందు. పాశ్చాత్య పద్ధతిలో చివరి మాటే ఇంటిపేరు అనుకుంటే సత్యనారాయణలూ నారాయణరెడ్డిలూ కుప్పలుగా పడతారు. సి. నారాయణరెడ్డి, సింగిరెడ్డి నారాయణరెడ్డి, సినారె ఒకరే. శ్రీశ్రీ, శ్రీరంగం శ్రీనివాసరావు ఒకరే. చలం, గుడిపాటి వెంకటచలం ఒకరే. ‘బీనాదేవి’ సంగతి వేరు. అది బి. నరసింగరావు, భాగవతుల త్రిపురసుందరమ్మ దంపతులు కలిసి పెట్టుకున్న కలంపేరు. ఆయన పోయాక ఆ పేరుతో ఆవిడ ఒక్కరే రాశారు. కాబట్టి ఏ పుస్తకం ఇద్దరిదో, ఏది ఒక్కరిదో చెప్పాలంటే ఏ సాఫ్ట్‌వేరూ చాలదు. తెలుగు సాహిత్యం తెలిసినవాళ్లు కూర్చుని తేల్చాలి. అలా తేల్చినదాన్ని ఒక్కసారి చిరునామాతో వెబ్‌లో పెడితే, షికాగోలో ఉన్న కేటలాగూ దాన్నే వాడుకోవచ్చు, మన వేటపాలెం గ్రంథాలయం కేటలాగూ దాన్నే వాడుకోవచ్చు. లింక్డ్ డేటా తెలుగుకు చేయగల అతి పెద్ద మేలు ఇదే. రోమన్ రూపం పక్కనే తెలుగు రూపం కూడా ఒకే మనిషి పేరుగా నిలబడుతుంది. 2012లో మొదలైన వికీడేటాలో ఆ వీలు ఇప్పటికే ఉంది. అక్కడి రచయితల పేర్లకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సంఖ్యనూ, వయాఫ్ సంఖ్యనూ జతచేయవచ్చు. దానికి గ్రంథాలయశాస్త్రం పట్టా అక్కర్లేదు.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకుని, అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి చొరవతో ఊరూరా పుస్తకాలు చేర్చుకున్న జాతి మనది. 1901లో హైదరాబాద్‌లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం ఆ కాలపు పుస్తకాలను ఇప్పటికీ కాపాడుతున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాత గ్రంథాలయాల రిజిస్టర్లు ఇప్పుడు కోహా, ఈ-గ్రంథాలయ వంటి గ్రంథాలయ సాఫ్ట్‌వేర్లలోకి ఎక్కుతున్నాయి. ఆ పని చేసేవారికీ చేయించేవారికీ నా విన్నపం ఒకటే. పుస్తకం పేరు తెలుగు లిపిలోనే ఎక్కించండి, రోమన్‌ను దాని పక్కన పెట్టండి. రచయిత ఇంటిపేరు, కలంపేరు, పుట్టిన సంవత్సరం రాయండి. రచయితకు వయాఫ్ వంటి అంతర్జాతీయ సంఖ్య ఉంటే అది కూడా చేర్చండి. మీ ఊళ్లో కలంపేరుతో రాసిన రచయిత ఎవరైనా ఉంటే, అసలు పేరు తెలిసినవాళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టండి.