వింటి రంగు - మృగము కన్ను

అడవిలో మృగమును సమీపించు విలుకాని చేతిలోని విల్లు ఏ రంగుదైన నేమి? ఈ ప్రశ్న చూచుటకు చిన్నది. తుపాకి పట్టినవానికి ఇది అంతగా పట్టదు. అతడు 200 గజముల దూరమున నిలిచి గురి చూడగలడు. కొయ్యవిల్లు, అల్లెత్రాడు, ఈక గట్టిన బాణము - ఈ మూడింటినే నమ్ముకొన్నవాడు మాత్రము మృగమునకు మిక్కిలి దాపునకు పోవలెను. మేనిని చెట్టుచాటున దాచుకొన్నను, విల్లెత్తి నారి లాగునపుడు నాలుగైదడుగుల కొయ్య ఆ చాటు దాటి బయటికి వచ్చును. ఆ కొయ్య ఎఱ్ఱనిదైనను, పచ్చనిదైనను మృగమునకు ఒక్కటేనా?

దీనికి సమాధానము వెదకుటకు ముందు, విల్లే ఆధారముగా బ్రదికిన ఒక మనుష్యుని కథ వినుట మంచిది.

1911 ఆగస్టు 29వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, ఓరోవిల్ పట్టణపు శివార్లలోని పశువధశాల యొద్ద, ఆకలిచే కృశించిన ఒక మనుష్యుడు కనబడెను. అతని భాష ఎవ్వరికిని తెలియలేదు. సాన్ ఫ్రాన్సిస్కో నుండి వాటర్‌మన్ అను మానవశాస్త్రజ్ఞుడు వచ్చి, యానా భాషా పదముల పట్టికను ముందుంచుకొని ఒక్కొక్క మాటయే పలుకుచు పోగా, చివరకు ఒక మాట ఆతనికి తెలిసినది. అతడు యాహీ తెగవాడు. ఆ తెగలో అప్పటికి మిగిలినవాడు అతడొక్కడే. తన పేరు తాను చెప్పుకొనుట వారి ఆచారము కాదు. అందుచే ఆచార్య క్రోబర్ అతనికి 'ఇషి' అను పేరు పెట్టెను. యానా భాషలో ఆ మాటకు 'మనుష్యుడు' అని యర్థము.

యాహీలు లాసెన్ పర్వతపు పాదములయందు, మిల్ క్రీక్, డీర్ క్రీక్ అను వాగుల లోయలలో నివసించినవారు. 1849లో బంగారమునకై జనులు ఆ దేశమునకు వెల్లువగా రాసాగిరి. తరువాతి ఇరువదియేండ్లలో తెల్లవారు ఈ తెగను వేటాడి దాదాపు తుదముట్టించిరి. మిగిలిన కొలదిమంది నలువది సంవత్సరముల కాలము ఆ లోయలలో దాగియుండిరి. మట్టిలో అడుగుజాడ పడకుండ రాతినుండి రాతికి దాటుచు నడచిరి. పొదల క్రింద చేతులతోను మోకాళ్లతోను ప్రాకిరి. పొగ పైకి లేవకుండ చిన్నచిన్న మంటలు వేసికొనిరి. అట్టివారికి తుపాకి పనికిరాదు. దాని మ్రోత లోయయంతయు వినబడును. విల్లు మౌనముగా పనిచేయును. కనుక ఆ విల్లు వారికి వినోదము కాదు, ప్రాణాధారము.

సాన్ ఫ్రాన్సిస్కోలో ఇషి మ్యూజియములోనే నివసించెను. ప్రక్కనే వైద్య కళాశాల ఉండెను. అందు శస్త్రవైద్యుడైన సాక్స్‌టన్ పోప్ ఇషికి వైద్యుడై, పిదప మిత్రుడై, కడకు శిష్యుడయ్యెను. ఇషి విల్లు చేయు విధానమును, వేటాడు విధానమును పోప్ చూచి వ్రాసియుంచెను. 1918లో యాహీల విలువిద్యపై ఒక గ్రంథమును, 1923లో విల్లంబుల వేటపై మరియొక గ్రంథమును ప్రకటించెను. మన ప్రశ్నకు కావలసిన సాక్ష్యము చాలవరకు వాటియందే కలదు.

ఇషి తన వింటిని జూనిపర్ కొయ్యతో చేసెను. చాచిన చేతినుండి ఎదుటివైపు తుంటివరకు ఎంత పొడవో వింటికంత పొడవు. లేడికాలి నరములను నమలి మెత్తపరచి, సాల్మన్ చేప చర్మమును కాచి తీసిన జిగురుతో వింటి వెన్నున అతికించెను. పని లేనప్పుడు వింటిని నిలువబెట్టడు, పండబెట్టును. నిలువబెట్టిన విల్లు విశ్రాంతి లేక చెమటపట్టి నీరసించునని అతని నమ్మకము. విల్లు అతనికి ప్రాణమున్న వస్తువు వంటిది.

ఇక రంగుల మాట. ఇషి బాణములకు రంగులు వేసెడివాడు. ఈకలు కట్టు చోట పచ్చని, నల్లని వలయములను ఒకదాని తరువాత ఒకటిగా తీర్చెడివాడు. లేదా చుక్కలు, పామువంటి వంకర గీతలు గీసెడివాడు. మ్యూజియములో అంగడి రంగులు దొరకెను. అడవిలోనైతే ఎఱుపు రాతినుండి, నలుపు చేపకంటినుండి, ఆకుపచ్చ అడవి ఉల్లినుండి వచ్చెడివని చెప్పెను. నలువదియేండ్లు పరుల కంట బడక దాగియున్న తెగవాడు, మృగముపైకి విడుచు బాణమునకు ఇట్టి రంగులు పూయుటకు జంకలేదు. ఇది మనము గమనింపదగినది.

అతని జాగ్రత్త అంతయు వేఱొకచోట నుండెను. వేటకు ముందురోజున చేప తినడు, పొగ త్రాగడు. తెల్లవారుజామున లేచి వాగులో స్నానము చేసి, సువాసనగల ఆకులతో మేను రుద్దుకొని, నోరు కడిగికొని, ఏమియు తినక బయలుదేరును. బట్టలు పొదలలో చప్పుడు చేయునని గోచితో మాత్రమే పోవును. గాలి ఎటు వీచుచున్నదో చూచుకొని, మృగమునకు తన వాసన తగులని దిక్కున నిలుచును. ఒక్కొక్కప్పుడు కూరిన లేడితలను తలపై ధరించి పొదచాటున మెల్లగా కదలించి, లేడికి వింత పుట్టించి దాపునకు రప్పించును. పెదవులపై వ్రేళ్లుంచి, దెబ్బతిన్న కుందేలు కూతవంటి ధ్వని చేసి కుందేళ్లను పిలుచును. దూరమునుండి బాణము వేయుటకంటె దగ్గరకు ప్రాకుటయే మేలని అతని మతము. ఈ నియమములన్నియు వాసన, చప్పుడు, కదలిక అను మూటికి సంబంధించినవే. వింటి రంగును గూర్చిన నియమ మొక్కటియు వానిలో లేదు.

ఇది ఇషి యొక్కనికే చెందిన అలవాటు కాదు. కాలిఫోర్నియా వాయవ్యమున యురోక్, హుపా జాతులు యూ అను చెట్టుకొయ్యతో చేసి, నరములు అతికించిన విండ్లకు ఎఱ్ఱని, నీలపు రంగులతో త్రికోణముల చిత్రములు వేసెడివారు. ఆ చిత్రములు ఉండునది వింటి వెన్నున. విలుకాడు వింటిని పట్టినపుడు వెన్ను తనవైపునకు కాదు, మృగము వైపునకే తిరిగియుండును. రంగు వేటను చెఱచునదే యైనచో, తరతరములుగా వేటపై బ్రదికినవారు మృగమునకు ఎదురుగా నుండు వైపుననే చిత్రములు వేయుదురా?

అట్లైన ఈ సందేహ మెక్కడ పుట్టినది? ఇషి, పోప్‌ల పిమ్మట అమెరికాలో విలువేటకు మరల ఆదరణ కలిగెను. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రము విల్లంబులతో లేళ్లను వేటాడుటకు ప్రత్యేకముగా ఒక ఋతువును ఏర్పాటు చేసెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప ఫైబర్ గ్లాసు పొరలతో విండ్లు వచ్చెను. అవి గట్టివి, వేగము గలవి; కాని అద్దమువలె మెఱయునట్టివి. పాత కొయ్యవింటికి చమురు పట్టించి తుడిచినచో చెట్టుకొమ్మవలె మసకగా నుండెడిది. క్రొత్తవింటిపై ఎండ పడినపుడు, నారి లాగుటతోడనే వంగు వింటిరెక్క పొడవున తళుకు పరుగెత్తును. లేడి తలయెత్తి చూచి పరుగు తీసినచో, విలుకాడు ఆ తప్పును రంగుపై మోపెను. వింటికి ఆకుల రంగుగల గుడ్డతొడుగులు, పట్టీలు వచ్చినవి. దోషము రంగుది కాదు, మెఱుపుది. రెండును వింటిపైననే యుండుటచే ఒకదానిని మరియొకటిగా భావించుట జరిగినది.

మృగమునకు ఏ రంగు కనబడునో నిశ్చయించుటకు చాలకాలము సరియైన సాధనము లేకపోయెను. 1992లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయమున, దృష్టిశాస్త్రమునందు పేరుగన్న జేకబ్స్, నీట్స్ ప్రభృతులు తెల్లతోక లేళ్లకు మత్తు నిచ్చి, వాని కంటిలోనికి వేఱువేఱు రంగుల వెలుతురును పంపి, కంటిపొర ప్రతిస్పందనను విద్యుత్ పరికరములతో కొలిచిరి. ఆ ఫలితములు 1994లో ప్రకటింపబడెను. మనుష్యుని కంట రంగును గుర్తించు శంకుకణములు మూడు విధములు. లేడి కంట రెండు విధములు మాత్రమే కలవు: ఒకటి నీలపు కాంతికి, రెండవది పసుపు కలిసిన ఆకుపచ్చ కాంతికి సంబంధించినది. ఎఱుపును ప్రత్యేకముగా గుర్తించు మూడవది లేదు. కనుక ఎఱ్ఱనివిల్లు, నారింజరంగు విల్లు, ఆకుపచ్చవిల్లు లేడికి ఇంచుమించు ఒకే తీరుగ కనబడును. వెలుతురులోని హెచ్చుతగ్గులే భేదము. నీలము మాత్రము దానికి స్పష్టముగా తోచును.

దీనికి మన అడవిలోనే గొప్ప నిదర్శనము కలదు. పులి మేనిరంగు మనకు నారింజ. పచ్చని పొదలలో ఇంత ప్రస్ఫుటమైన రంగుతో అది వేట యెట్లు సాగించును? 2019లో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, రెండు విధముల శంకుకణములు గల కంటికి పులి రంగు పరిసరములలోని పచ్చదనములో కలిసిపోవునని చూపిరి. నల్లమల దుప్పికి పులి పచ్చగడ్డిలో భాగమే. పులి కదలనంతవరకు అది క్షేమము. కదలెనా, దుప్పి కేక వేయును.

అమెరికాలోని పలు రాష్ట్రములలో తుపాకి వేటగాండ్రు కన్ను చెదరు నారింజరంగు చొక్కా ధరింపవలెనని శాసనము కలదు. వేటగాడు పొరపాటున తోడివేటగానిని కాల్చకుండుటకై ఏర్పడిన నియమమిది. ఆ చొక్కా లేడిని బెదరింపదు. మనుష్యుని మాత్రము హెచ్చరించును. ఒక్క రంగే రెండు కన్నులకు రెండు విధములుగా తోచుటపై ఆధారపడిన శాసన మిది.

ఈ సమాధానమునకు హద్దులు లేకపోలేదు. పక్షుల కంట శంకుకణములు నాలుగు విధములు. అవి మనకంటెను ఎక్కువ రంగులు చూచును. అడవి టర్కీకోడిని వేటాడువాడు వింటి రంగును లెక్కింపక తప్పదు. లేడి విషయమునను, చీకటిపొద ముందు తెల్లనివిల్లు పట్టుట తగదు; అది రంగు వలన కాదు, వెలుగునీడల భేదము వలన. తళుకు తగ్గించుట, నీలమును మానుట, నారి లాగు అదను చూచుకొనుట - ఇంతకు మించి వింటి అలంకారమును గూర్చి చింతింప నక్కరలేదు. లేడి తల పొదచాటున నున్నప్పుడో, అది వేఱొకవైపు చూచునప్పుడో వింటిని ఎత్తినవాడు, ఏ రంగు విల్లు పట్టినను కృతార్థుడగును. తల ఎత్తి చూచుచుండగా లాగినవాడు, ఆకులు చుట్టిన విల్లు పట్టినను వట్టిచేతులతో మరలును.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేటకు నిషేధము వచ్చినది. కనుక ఈ విచారము మనకు వేటకొరకు కాదు. చూచు కన్నును బట్టి చూడబడు వస్తువు మాఱునను ఎఱుక కొరకు.

ఆ ఎఱుకతో మరల ఇషి యొద్దకు పోదము. మృగమునుండి దాగుట అతనికి కష్టము కాలేదు. గాలిని గమనించి, కదలక నిలిచిన చాలును. మనుష్యునినుండి దాగుట అట్టిది కాదు. మనుష్యుని కన్ను మూడు రంగుల కన్ను. పొగను, అడుగుజాడను, విరిగిన కొమ్మను చదువగల కన్ను. 1908లో విద్యుత్తుకై భూమిని కొలువవచ్చిన కొందఱు లోయలో వారి గుడిసెలపై పడిరి. ఇషి తల్లి రోగముతో కదలలేక పడియుండెను, తక్కినవారు పారిపోయిరి. వచ్చినవారు ఆమెను తాకలేదు, గాని గుడిసెలలోని విండ్లు, అమ్ములు, బుట్టలు, చర్మపు దుప్పట్లు వింతవస్తువులని తీసికొనిపోయిరి. అంతటితో ఆ కుటుంబము చెదరిపోయెను. మూడేండ్లకు ఇషి ఒంటరిగా ఓరోవిల్ చేరెను.

1916 మార్చి 25న క్షయవ్యాధితో ఇషి మరణించెను. మిత్రులు అతనిని దహనము చేయునపుడు అతని విల్లును, ఐదు బాణములను తోడుగా ఉంచిరి. అతని మెదడును మాత్రము శాస్త్రజ్ఞులు వేఱుచేసి దాచియుంచిరి. అది 2000 సంవత్సరములో యానా జనుల బంధువర్గమునకు అప్పగింపబడి అతని చితాభస్మమును చేరెను.

పచ్చని నల్లని వలయములు తీర్చిన ఇషి బాణమును చూచి లేడి బెదరలేదు. ఆ వలయములు లేడికొరకు తీర్చినవి కావు. ఇది నేను చేసిన బాణమని తోడి మనుష్యుడు గుర్తింపవలెనని విలుకాడు వేసిన గుర్తులవి. గుర్తించు తోడివారు ఒక్కరును మిగలని కాలమునను ఇషి ఆ వలయములు తీర్చుట మానలేదు.