ఆ సీసాలు ఎవరివి? ఎంటీఏ కాగితం వెనక కథ

బయాలజీలో పీహెచ్‌డీ చేసే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే "ఎంటీఏ" అని ఒక్కసారి అని చూడండి, మొహం మాడిపోతుంది. మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్ అన్నమాట. ఒక యూనివర్సిటీ ల్యాబ్ నుంచి ఇంకో ల్యాబ్‌కి కణాలో, బ్యాక్టీరియానో, ఎలుకలో వెళ్లాలంటే ముందు ఈ కాగితం మీద సంతకాలు పడాలి. సంతకాల కోసం వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. "సైన్స్‌కి ఈ లాయర్ల గోల ఎందుకు?" అని నాకూ అనిపించేది. లెనార్డ్ హేఫ్లిక్ కథ చదివాక ఆ మాట అనడం మానేశాను.

1962. అమెరికాలో ఫిలడెల్ఫియా, విస్టార్ ఇన్‌స్టిట్యూట్. హేఫ్లిక్ అక్కడి శాస్త్రవేత్త. మామూలు మనిషి కణాలు సుమారు యాభై సార్లు విభజన చెంది ఆగిపోతాయని అంతకు ముందు ఏడాదే చూపించినవాడు. "హేఫ్లిక్ లిమిట్" అని విన్నారు కదా, ఆయనే. స్వీడన్‌లో చట్టబద్ధంగా జరిగిన ఒక అబార్షన్ నుంచి పిండం ఊపిరితిత్తులు ఆయనకి వచ్చాయి. వాటి నుంచి పెంచిన కణాలకి డబ్ల్యూఐ-38 అని పేరు పెట్టి, వందల కొద్దీ చిన్న గాజు సీసాల్లో నింపి, గడ్డకట్టించి దాచాడు. టీకాల వైరస్ పెంచడానికి శుభ్రమైన కణాలు కావాలి. అప్పట్లో వాడే కోతి కిడ్నీ కణాల్లో కోతుల వైరస్‌లు దాక్కుని ఉండేవి. అందుకే డబ్ల్యూఐ-38 అంటే ప్రపంచమంతా ఎగబడింది. ఖర్చు ప్రభుత్వానిది. ఎన్‌ఐహెచ్, అంటే అక్కడి జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ, కాంట్రాక్టు ఇచ్చింది. అడిగిన ల్యాబ్‌లకి హేఫ్లిక్ సీసాలు పంపేవాడు.

1968లో ఆయనకి స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. వెళ్లే ముందు మీటింగ్ పెట్టి తేల్చారు: హేఫ్లిక్‌కి పది సీసాలు, విస్టార్‌కి పది, మిగతావి ప్రభుత్వం తరఫున కణాలు భద్రపరిచే సంస్థకి. ఆయన ఏం చేశాడు? దాదాపు మొత్తం స్టాక్, మూడు వందలకి పైగా సీసాలు, లిక్విడ్ నైట్రోజన్ డబ్బాలో పెట్టుకుని కార్లో కాలిఫోర్నియాకి బయల్దేరాడు. దేశం ఈ చివర నుంచి ఆ చివరకి!

అక్కడి నుంచి కూడా అడిగినవాళ్లకి పంపుతూనే ఉన్నాడు. తయారీ, పోస్టు ఖర్చులకని సీసాకి 15 డాలర్లు తీసుకునేవాడు. ఆ డబ్బు ఒక అకౌంట్‌లో వేశాడు. కొన్నేళ్లకి అది 67,000 డాలర్ల దాకా చేరింది. 1975లో ఎన్‌ఐహెచ్ ఆడిటర్లు వచ్చారు. ప్రభుత్వ సొత్తు అమ్ముకున్నాడని రిపోర్టు రాశారు. 1976లో స్టాన్‌ఫర్డ్ ఉద్యోగం పోయింది. రాజీనామాయే అనుకోండి, కానీ ఎలాంటి రాజీనామానో మనకి తెలుసు. పేపర్లలో దొంగ అన్నట్టు పేరు పడింది.

ఆయన వాదన ఒక్కటే: ఈ కణాలు ఎవరివో ఎవరూ తేల్చలేదు. నావా, విస్టార్‌వా, ఎన్‌ఐహెచ్‌వా, ఆ పిండం తల్లిదండ్రులవా? తేలేదాకా దాచాను, డబ్బూ అకౌంట్‌లోనే ఉంది అన్నాడు. నాకైతే ఇందులో సగమే నచ్చుతుంది. మీటింగ్‌లో పది అన్నాక అన్నీ ఎత్తుకెళ్లడం ఏ లెక్క? కానీ మిగతా సగానికి ఎన్‌ఐహెచ్ దగ్గరా గట్టి జవాబు లేదు.

ఆయన కోర్టుకెళ్లాడు. కేసు నడుస్తుండగానే 1980లో లోకం మారిపోయింది. మన ఆనంద చక్రవర్తి చేసిన బ్యాక్టీరియాకి పేటెంట్ ఇవ్వొచ్చని అమెరికా సుప్రీంకోర్టు 5-4తో తీర్పిచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో బే-డోల్ చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బుతో కనిపెట్టినదాన్ని యూనివర్సిటీలే సొంతం చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. హేఫ్లిక్ పరువు తీసిన పని అప్పటి నుంచి యూనివర్సిటీల్లో ఒక ఆఫీసు, ఒక బోర్డు పెట్టి చేసే పని అయిపోయింది. 1981లో ప్రభుత్వం రాజీకొచ్చింది. అకౌంట్‌లోని డబ్బు వడ్డీతో సహా ఆయనకే, ఆరు సీసాలూ ఆయనకే. డబ్బులో చాలా భాగం లాయర్లకే పోయింది లెండి.

ఇంక కాగితం దగ్గరికి వద్దాం. యూనివర్సిటీలు ప్రతిసారీ కొత్తగా బేరమాడకుండా 1995లో ఎన్‌ఐహెచ్ ఒక ఉమ్మడి నమూనా ప్రచురించింది, యూబీఎంటీఏ అని. యూనివర్సిటీ ఒక్కసారి దానికి ఒప్పుకుంటే చాలు, తర్వాత ఒక్కో శాంపిల్‌కి చిన్న లెటర్ సరిపోతుంది. మనం కోడ్‌కి ఎంఐటీ లైసెన్స్ తగిలించినట్టే. లైసెన్స్ లేని గిట్‌హబ్ రెపో కళ్లకి కనిపిస్తుంది, వాడుకునే హక్కు మాత్రం రాదు.

ఆ నమూనా తెరిచి హేఫ్లిక్‌ని మనసులో పెట్టుకుని చదవండి. మెటీరియల్ ఎవరిది? ఇచ్చినవాళ్లదే. ఇంకొకరికి పంపొచ్చా? అడగకుండా కుదరదు. డబ్బు? ఉచితం, లేదంటే తయారీకి, పంపడానికి అయిన ఖర్చు మాత్రం తీసుకోవచ్చు. ఆ 15 డాలర్ల గొడవ ఇప్పుడు ఒక్క వాక్యం.

ఒక ప్రశ్న మాత్రం అందులో లేదు. స్వీడన్‌లో ఆ తల్లిని ఎవరూ అనుమతి అడగలేదు, ఎవరూ పైసా ఇవ్వలేదు. డోనర్ అనుమతి సంగతి ఇవాళ వేరే ఫైల్‌లో, ఎథిక్స్ కమిటీ చూసుకుంటుంది. ఎంటీఏ అనేది ఇచ్చే సంస్థకి, తీసుకునే సంస్థకి మధ్య కాగితం. మన పిల్లలకి తొమ్మిది నెలలు నిండాక వేసే ఎంఆర్ టీకాలో రుబెల్లా రకం పేరు విస్టార్ ఆర్‌ఏ 27/3. ఆ వైరస్‌ని బలహీనపరిచి టీకాగా మార్చింది విస్టార్‌లోనే, ఆవిడ పిండం నుంచి వచ్చిన ఈ డబ్ల్యూఐ-38 కణాల్లోనే.