పాత అఖ్బార్లలో మన కర్నూలు

"కాలేజీలో రీసెర్చ్ పేపర్ రాయమన్నారు, కర్నూలు ముస్లింల చరిత్ర తీసుకుంటాను" అని పిల్లలు నాతో అంటుంటారు. అది టాపిక్ కాదు బేటా, సముందర్! పది పేజీల్లో జవాబ్ వెతకగలిగే ఒక్క సవాల్ కావాలి. అలాంటివి పాత అఖ్బార్లలోనే దొరుకుతాయి.

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. కాబట్టి ముందు ఒక తేదీ పట్టుకోండి.

1953 అక్టోబర్ 1. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రాన్ని నెహ్రూ ప్రారంభించారు. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. ఇమారత్‌లు చాలక ఆఫీసులకు గుడారాలు వేశారు. 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. పాఠ్యపుస్తకంలో కథ అంతటితో ఖతమ్.

ఇప్పుడు ఆ మూడేళ్ల పత్రికలు తిరగేయండి. తెలుగులో ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ ఉన్నాయి. ఉర్దూలో 1927లో మద్రాసులో మొదలైన ముసల్మాన్, 1949లో హైదరాబాదులో మొదలైన సియాసత్ ఉన్నాయి. మొదటి పేజీలో లీడర్ల తఖ్రీర్‌లు ఉంటాయి. వాటిని వదిలి లోపలి పేజీలకు పోండి. పాఠకుల లేఖలు, ఇష్తిహార్‌లు, బజారు ధరలు చూడండి. ఉద్యోగులు వేలల్లో దిగితే పాతబస్తీలో ఇళ్ల కిరాయి ఏమైంది? ఉర్దూలో అర్జీ రాసుకునేవాళ్లకు కొత్త సర్కారులో దిక్కెవరు? అది హిజ్రీ 1373 ముహర్రం నెల. ఊళ్లో పీర్ల పండుగ ముగిసిన కొద్దిరోజులకే రాజధాని జల్సా. ఆ సంగతి ఏ పత్రికైనా రాసిందా? ఒక్కొక్కటీ ఒక టాపిక్కే.

ఒకే రోజు తెలుగు అఖ్బార్, ఉర్దూ అఖ్బార్ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకదానిలో ఉండి రెండోదానిలో లేని ఖబర్ దగ్గర ఆగండి. మీ సవాల్ అక్కడే ఉంది.

అయితే అఖ్బార్ గవాహ్ మాత్రమే, ఖాజీ కాదు. 1839లో ఆయుధాలు పోగేశాడని ఇల్జామ్ మోపి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కుంఫిణీ గద్దె దించింది. కుంఫిణీ కాగితాలే చదివితే కుంఫిణీ మాటే వినిపిస్తుంది. రాసిందెవరు, ఎవరి కోసం రాశారు అని ప్రతి ఖబర్‌నూ అడగాలి. పత్రిక పేరు, తేదీ, పేజీ నోట్ చేసుకోవాలి.

1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఈ ఊళ్లో ఉస్మానియా కాలేజీ పెట్టారు. ఇవాళ ఆయన పేరిట ఉర్దూ యూనివర్సిటీ కూడా ఉంది. అయినా మన ఇళ్లలో ఉర్దూ మాట్లాడే పిల్లల్లో చాలామందికి ఉర్దూ చదవడం రాదు. ఆ పేజీ ప్రింట్ తీసి దాదాకో నానీకో ఇవ్వండి, పైకి చదివించుకోండి. చదువుతూ చదువుతూ వాళ్లు పేజీలో లేని మాట ఒకటి చెబుతారు. దాన్నీ రాసుకోండి. అఖ్బార్ లైబ్రరీలో ఇంకా కొన్నాళ్లు ఉంటుంది. చదివిపెట్టే బుజుర్గులే ఎంతకాలం ఉంటారో అల్లాకే ఎరుక.